చివరి పేజీలో పెన్సిలు మాట

లహరి తన నవలను నా బల్ల మీద పెట్టి వెళ్ళి ఆరు రోజులైంది. నాలుగు వందల పేజీలు, స్పైరల్ బైండింగు, పైన ప్లాస్టిక్ అట్ట. చదవడం రెండు రోజుల్లోనే అయిపోయింది. మిగతా నాలుగు రోజులూ దాని మీద న్యూస్‌పేపరు కప్పేసి, చూడనట్టు ఆ పక్కనుంచే తిరుగుతున్నాను. పుస్తకం చివర ఒక తెల్ల కాగితం వదిలి, పురికొసతో ఒక పెన్సిలు కట్టి మరీ ఇచ్చింది పిల్ల. ఎంత పేపరు కప్పినా ఆ పెన్సిలు మాత్రం బల్ల అంచు నుంచి వేలాడుతూ ఫ్యాను గాలికి కదులుతూనే ఉంది. లహరి మా అన్నయ్య మనవరాలు. సామర్లకోటలో ఒక బ్యాంకులో ఉద్యోగం. ఆదివారమైతే పొద్దున్నే బస్సెక్కి రామచంద్రపురంలో నా దగ్గరికి వచ్చి, నేను చేసింది తిని, సాయంత్రానికి వెళ్ళిపోతుంది. ఈ నవల ఇచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి చాలా నెమ్మదిగా చెప్పింది. చివరి పేజీలో నేను బాగుందని రాస్తే సోమవారం ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి రాసుకుంటూ కూర్చుంటుందట. బాగోలేదంటే నోరు మూసుకుని బ్యాంకుకు పోతుందట. వాళ్ళ నాన్న వారం రోజులు అరిచి అరిచి, చివరికి మామ్మ ఏదంటే అది అని నా మీద పెట్టి ఊరుకున్నాడు. ఈ రోజు శనివారం.

ఆ పిల్లకు నా మాట మీద అంత గురి కుదరడానికి కారణం నేనే. రెండేళ్ళ క్రితం మా పిన్ని పోయాక, ఇంట్లో ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చున్నానని, లహరి నాకు కొత్త నవలలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. అన్నీ ప్రేమకథలు, మాయాలోకాల కథలు. కొన్ని తెలుగు, కొన్ని ఇంగ్లీషు. కొన్నిటికి పేజీల అంచులకు బంగారు రంగులు పూసి ఉంటాయి. కొన్ని ఫోనులోనే ఉంటాయి, అక్షరాలు పెద్దవి చేసి చేతికిస్తుంది. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి, ఆ సందులో పద్దెనిమిది నవలలు రాసి, ఇప్పుడు ఎవరి మొహం చూసి మాట్లాడాల్సిన పనీ లేనిదాన్ని కనక, చదివాక ఏమనిపిస్తే అది చెప్పేసేదాన్ని. ఒక నవలలో నీళ్ళ అడుగున రాజ్యం ఉంది, దానికో యువరాజు ఉన్నాడు. ఆయనకు మూడు వందల ఏళ్ళు. పందొమ్మిదేళ్ళ పిల్ల వెంట పడి, ఆ పిల్ల ఎవరితో మాట్లాడినా కత్తి దూస్తాడు. మూడు వందల ఏళ్ళు బతికినా ఓర్పు రానివాడికి ఇక ఎప్పుడు వస్తుందమ్మా, ఈ పెళ్ళి వద్దని ఆ పిల్లకు చెప్పేవాళ్ళే లేరా అన్నాను. ఇంకోదాంట్లో నలభై వేల సైన్యం కొండలు దాటుతుంది. మొదట్లో ఆ కొండలన్నిటికీ మ్యాపు కూడా వేశారు. మొత్తం ఆరు వందల పేజీల్లో ఒక్కరు అన్నం తినలేదు, ఎక్కడా పొయ్యి వెలగలేదు. మన ఊళ్ళో నలభై మంది పెళ్ళివారికి వండాలంటేనే తెల్లవారుజాము నుంచి గాడిపొయ్యి తవ్వుకుంటాం, ఈ సైన్యం ఏం తిని యుద్ధం చేసిందో రాసినవాళ్ళు చెప్పాలి అన్నాను. ప్రేమకథల సంగతి మరీ అన్యాయం. ఫోనులో వచ్చే వాటిలో పది నవలలు తీస్తే ఎనిమిదింటిలో కంపెనీ యజమాని ఆఫీసులో పనిచేసే అమ్మాయితో ఏడాదికని కాగితం రాసుకుని పెళ్ళి చేసుకుంటాడు. ఆ అమ్మాయి మాటిమాటికీ కాలు జారి పడుతుంది, ఆయన పట్టుకుంటాడు. ఒకదాంట్లో లెక్కపెట్టాను, నాలుగు సార్లు పడింది. నాలుగోసారికి ప్రేమ కాదు, ఎముకల డాక్టరు కావాలి.

తిట్టడానికే చదివానని కాదు. ఒక్కటి మాత్రం నిజంగా బాగుంది. చచ్చిపోయినవాళ్ళ గొంతులు సీసాల్లో పట్టి అమ్మే మంత్రగత్తె కథ. ఆమె తన మొగుడి గొంతున్న సీసా ఒక్కటీ అమ్మదు, మూత తీసి విననూ వినదు. ఎందుకు వినదో రచయిత ఎక్కడా చెప్పలేదు, నాకు తెలిసిపోయింది. ఆ మాటే చెప్పాను. ఇవన్నీ లహరి టైపు చేసి, మామ్మ మాట అని పేరు పెట్టి, ఫోనులో నలుగురికీ పంపేది. ఆ నలుగురు ఇప్పుడెంతమంది అయ్యారో నాకు తెలియదు గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఫలానా నవల కొనమంటారా అండీ అని అడుగుతున్నారట. ఫోనులో ప్రతి పుస్తకం కిందా అందరూ సూపర్ అనీ, అయిదు చుక్కలనీ పెడతారు, మీరొక్కరే నిజం చెప్తారు మామ్మా అంటుంది లహరి. విన్న ప్రతిసారీ మాట మార్చేస్తాను. ఎందుకంటే ఆ పిల్ల మెచ్చుకునే ఆ చూపు, ఆ ఎత్తిపొడుపు, ఏవీ నావి కావు. మా శారద పిన్నివి. ఆవిడ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకుంటే గౌరవంగానే ఉంటుంది. కానీ నేర్చుకోలేదు. ఆవిడ నోరు మూయించి తెచ్చుకున్నాను.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. అమ్మకూ ఆవిడకూ పదేళ్ళు తేడా. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉద్యోగం వచ్చి మా ఇంటికి చేరినప్పుడు నాకు పన్నెండేళ్ళుంటాయి. పొద్దున్నే ఆరింటికి డ్యూటీ. అయిదింటికల్లా తలస్నానమో మామూలు స్నానమో అయిపోయి, గంజి పెట్టిన చీర కట్టుకుని, వంటింటి గడప మీద కూర్చుని గ్లాసులో కాఫీ ఊదుకుంటూ తాగేది. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చేది. వచ్చేటప్పటికి ఆవిడ జుట్టు మీద హెడ్‌ఫోను పట్టీ నొక్కుకుని అడ్డంగా ఒక గీత పడి ఉండేది. చెవి ఎర్రగా ఉండేది. ఆవిడ చీరలోంచి కాలిన దుమ్ము వాసన, ఎండలో రబ్బరు వాసన వచ్చేవి. మా ఇంట్లో పనసపొట్టు కూర ఉడుకుతున్నా సరే, పిన్ని లోపలికి అడుగుపెడితే ఆ ఎక్స్ఛేంజి వాసనే ముందు తెలిసేది. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చుని, ఎడమ చేతిలో నవల పట్టుకునేది. కుడి చేత్తో అన్నం కలపడం, ఎడమ బొటనవేలితో పేజీ తిప్పడం. అమ్మ ఎదురుగా కత్తిపీట వేసుకుని సాయంత్రానికి బచ్చలి తరుగుతూ, ఏమైందే ఆ పిల్ల, వచ్చాడా వాడు అని అడిగేది. పిన్ని ముద్ద మింగాక, రెండు ముక్కల్లో చెప్పేది. అమ్మ జన్మలో ఒక్క నవల చదవలేదు గానీ ఆ కథలన్నీ ఆవిడకు తెలుసు.

ట్రంకు కాల్సు ఉన్న రోజులవి. విశాఖపట్నం మాట్లాడాలన్నా హైదరాబాదు మాట్లాడాలన్నా ఎక్స్ఛేంజికి చెప్పి గంటలకొద్దీ కాచుకుని కూర్చోవాలి. కలిపేది పిన్ని. మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా అండీ అని మధ్యలో దూరేదీ పిన్నే. లైను సరిగ్గా ఉందో లేదో చూడటానికి వినక తప్పదు. అలా ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటి ప్రేమలూ, తగువులూ, చావు కబుర్లూ ఆవిడ చెవిలోంచే వెళ్ళేవి. ఒక్కటీ బయటికి చెప్పేది కాదు. ఎవరు ఎవరితో మాట్లాడారో అమ్మ ఎంత గుచ్చి అడిగినా, అది నా ఉద్యోగం అక్కా అని ఊరుకునేది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు మాత్రం, నా సీట్లో ఒక్క పూట కూర్చోండి, మీకూ చేసుకోబుద్ధి కాదు అనేది. రోజంతా అందరి మాటలూ విని, తన మాట ఒక్కటీ చెప్పడానికి లేని ఉద్యోగం. ఇంటికి వస్తే ఇక్కడా అంతే. నాన్నగారు పేపరు చదివి అన్నయ్యతో చర్చించేవారు తప్ప, నువ్వేమంటావు శారదా అని ఒక్కరోజు అడగలేదు. ఇది నాకు అప్పట్లో తోచలేదు. ఆవిడకు మాట్లాడటానికి ఉన్న చోటు ఒకే ఒక్కటి. అద్దె పుస్తకాల చివరి పేజీ.

ఆ పద్ధతి మా ఊరి అద్దె పుస్తకాల షాపులోనే ఉండేదో, ఇంకెక్కడైనా ఉండేదో నాకు తెలియదు. షాపు వెంకటరత్నం గారిది. పొడుగ్గా, ఇరుగ్గా రైలుపెట్టెలాంటి గది. పుస్తకంలో ఎవరైనా గీతలు గీస్తే ఆయనకు ఎక్కడలేని కోపం. ఒకావిడ ప్రతి పుస్తకంలోనూ ఏదో ఒకటి రాస్తూంటే విసిగిపోయి, చివరి పేజీ మీది, మిగతా పుస్తకం నాది అని ఒప్పందానికి వచ్చారట. అప్పటి నుంచి ఏ పుస్తకం కొన్నా చివర ఒక తెల్ల కాగితం అంటించేవారు. బల్లకు పురికొసతో పెన్సిలు కట్టి ఉండేది. తిరిగి ఇచ్చేటప్పుడు నిలబడి రాసేవాళ్ళు. పేరు రాయకూడదు, అదొక్కటే నియమం. అందుకని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అందరి చేతిరాతలూ తెలుసు. వాసన బట్టి కూడా చెప్పేవాళ్ళం. పుస్తకం కర్పూరం వాసన వేస్తే తాయారు గారింటి నుంచి వచ్చిందని, కొబ్బరినూనె మరకలుంటే డాక్టరు గారి కోడలు చదివిందని. కొత్త నవల చేతిలోకి రాగానే ఎవరూ మొదటి పేజీ తిప్పేవారు కాదు. చివరి పేజీ తీసి, గుండ్రంగా, తలకట్లు పొడుగ్గా లాగిన ఆ రాత కోసం వెతికేవాళ్ళు. పిన్ని రాత.

ఆవిడ రెండు మూడు వాక్యాలకు మించి రాసేది కాదు. కొన్ని నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘ఈ అబ్బాయికి ఉద్యోగం లేదు, కోపం మాత్రం ఉంది. ఆ అమ్మాయికి చదువు ఉంది, తెలివి లేదు. ఇద్దరికీ సరిపోయింది.’ ఇంకోటి, ‘ప్రేమించుకునేవాళ్ళు ఇంతసేపు మాట్లాడుకోరు. అన్నం తిన్నావా అని అడిగి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం రాయడం ఈయనకు చేతకాలేదు.’ ఒక పేరున్నాయన నవలకు, ‘నూట పదో పేజీలో తల్లి కొడుకుతో మాట్లాడిన నాలుగు మాటలూ నిజం. మిగతాది వదిలేయచ్చు’ అని రాసింది. జనం ఆ పుస్తకం తీసుకెళ్ళి నూట పదో పేజీ ఒక్కటే చదివి తెచ్చిచ్చేసేవారని వెంకటరత్నం గారు మొత్తుకునేవారు. ఆవిడ బాగుందంటే ఆ పుస్తకానికి వారాల తరబడి తిరుగుడే. ఎవరికీ ఆవిడను చూసి మెచ్చుకునే అవకాశం లేదు, పేరు లేదు కదా. కానీ బజారులో వెళ్తూంటే ఆడవాళ్ళు కాస్త పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారు. అప్పుడు పిన్ని నడక మారేది.

నేను మొదటి నవల రాసింది ఇరవై రెండేళ్ళప్పుడు, రోజూ బస్సులో కాకినాడ వెళ్ళొస్తూ టీచరు ట్రైనింగు చేస్తుండగా. ప్రేమ నవలే. దాని పేరు ఇక్కడ రాయను, ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. రాజమండ్రిలో ఒక చిన్న ప్రచురణకర్త వేశాడు. వెంకటరత్నం గారు ఒక కాపీ తెప్పించి, మన ఊరి అమ్మాయి అని బల్ల మీద నిలబెట్టారు. నేను రోజూ ఏదో వంకతో షాపుకు వెళ్ళి నా పుస్తకం బయటికి వెళ్ళిందా, షెల్ఫులో ఉందా చూసుకుని వచ్చేదాన్ని. మొదట తీసుకున్నది పిన్నే. ఇంట్లో నా ఎదురుగా, ఎప్పటిలాగే ఎడమ చేత్తో పట్టుకుని చదివింది. అమ్మ అడిగితే కథ చెప్పింది. నాతో ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఆవిడ చెప్పే చోటు ఎక్కడో నాకు తెలుసు కదా.

మర్నాడు సాయంత్రం షాపుకు వెళ్ళేటప్పటికి వెంకటరత్నం గారు బయట ఎవరితోనో మాట్లాడుతున్నారు. నా పుస్తకం షెల్ఫులో ఉంది. తీసి చివరి పేజీ తెరిచాను. ‘ఇందులో ఎవరూ ఎవరి మాటా వినరు. అందరిదీ ఒకటే గొంతు, ఆ గొంతు రాసిన పిల్లది. రాయగలదు. ముందు వినడం నేర్చుకుంటే.’ అంతే రాసి ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఎంత ప్రేమగా రాసిందో తెలుస్తుంది. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. తాయారు గారు చదువుతారు, డాక్టరు గారి కోడలు చదువుతుంది, ఊరంతా చదువుతుంది అన్నదొక్కటే తలలో తిరిగింది. నా సంచిలో ట్రైనింగు సామానుతో పాటు పెన్సిలూ, రబ్బరూ ఉన్నాయి. షెల్ఫు వెనక నిలబడి, కాగితం చిరగకుండా, నెమ్మదిగా చెరిపాను. ఆపైన గుండ్రంగా, తలకట్లు పొడుగ్గా లాగి, ‘చాలా బాగుంది. అందరూ తప్పక చదవండి’ అని రాశాను. చిన్నప్పటి నుంచీ చూస్తున్న రాత, బాగానే వచ్చింది.

నెల రోజుల్లో నా పుస్తకం ఊళ్ళో సగం ఇళ్ళు తిరిగింది. నేను గాలిలో నడుస్తున్నాను. ఒక రోజు మధ్యాహ్నం పిన్ని పెరట్లో రాతి పలక మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. నేను పక్కనే చింతపండు గింజలు తీస్తున్నాను. గోడ అవతల నుంచి తాయారు గారు పలకరించారు. ఆవిడ పెద్దమనిషి, మాటలో ఎప్పుడూ గౌరవమే. అయినా ఆ రోజు గొంతులో చిన్న బాధ ఉంది.

“ఏంటండీ శారదగారూ, మీరు బాగుందన్నారని తీసుకెళ్ళాను. సగం కూడా చదవలేకపోయానండి. అక్క కూతురని మొహమాటపడ్డారా ఏంటి?”

నా చేతులు ఆగిపోయాయి. పిన్ని నా వైపు చూడలేదు. జుట్టులో వేళ్ళు పోనిచ్చి చిక్కు తీసుకుంటోంది. తాను ఏం రాసిందో ఆవిడకు తెలుసు. అక్కడ ఇప్పుడు ఏముందో ఆ క్షణంలోనే తెలిసింది. ఆవిడ రాతను దొంగిలించగల మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉంది, పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అది నా రాత కాదండీ అని ఒక్క మాట అంటే ఆవిడ పరువు నిలబడేది, నాది పోయేది.

“అవునండి,” అంది పిన్ని. “మొహమాటపడ్డాను.”

తాయారు గారు సర్లెండి, ఇంటి పిల్ల కదా అని నవ్వి వెళ్ళిపోయారు. పిన్ని జుట్టు ముడివేసుకుని లేచింది. నన్ను దాటి వెళ్ళేటప్పుడు, రబ్బరు మంచిదే కొన్నావు అంది. గొంతులో కోపం లేదు. లోపలికి వెళ్ళి పడుకుంది. నేను వెళ్ళి కాళ్ళు పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. ఆ రోజు కాదు, ఆ తర్వాత ఏ రోజూ కాదు. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత ఎప్పటి సంగతో ఇప్పుడెందుకన్న బద్ధకం. అన్నిటికంటే ఎక్కువ కాలం నన్ను ఆపింది ఆ బద్ధకమే.

పిన్ని ఆ తర్వాత ఏ పుస్తకం చివరి పేజీలోనూ ఒక్క అక్షరం రాయలేదు. మొహమాటపడ్డానని నోటితో ఒప్పుకున్న మనిషి రాతను ఇక ఎవరు నమ్ముతారు? మొదట్లో ఆడవాళ్ళు చివరి పేజీ తిప్పి వెతికేవారు. తర్వాత మానేశారు. ఆవిడ బజారులో వెళ్తూంటే ఎవరూ ప్రత్యేకంగా తప్పుకోవడం లేదని కూడా నేను గమనించాను. చదవడం మాత్రం మానలేదు. ఎడమ చేతిలో నవల, కుడి చేత్తో అన్నం, అమ్మకు కథ. ఎలా ఉంది పిన్నీ అని ఎవరడిగినా బాగుంది అనేది. చెత్త నవలా బాగుంది, మంచి నవలా బాగుంది. ఎక్స్ఛేంజిలో యంత్రాలు మారి, ట్రంకు కాల్సు పోయి, ఆవిడను బిల్లుల సెక్షనులో కూర్చోబెట్టినప్పుడు ఆ ఉద్యోగం కూడా బాగుందనే అంది.

నలభై ఏళ్ళలో నేను ఇంకో పదిహేడు నవలలు రాశాను. ప్రతి దాని మొదటి కాపీ ఆవిడ చేతిలోనే పెట్టాను. రెండు రోజుల్లో చదివి, బాగుందే అమ్మడూ అని ఇచ్చేసేది. వార పత్రికల వాళ్ళు మెచ్చుకున్నారు, శాలువాలు కప్పారు. నాకు మాత్రం ప్రతి పుస్తకం తర్వాతా ఒకటే అనుమానం, ఇందులోనైనా ఒక్కరైనా ఒకరి మాట వింటున్నారా అని. అది చెప్పగలిగింది ప్రపంచంలో ఒకే ఒక్క మనిషి. ఆవిడ నా ఇంట్లోనే, పక్క గదిలోనే ఉంది. ఆఖరి ఏడాది, ఆవిడ మంచం పట్టాక, ఒకరోజు పొద్దున కాఫీ ఇస్తూ అడిగేశాను. ఒక్కసారి నిజం చెప్పు పిన్నీ, నా పుస్తకాల్లో ఒక్కటైనా నిలుస్తుందా అని. గ్లాసులోకి ఊదుకుంటూ నన్ను చూసింది.

“బాగుందన్నానుగా,” అంది.

పోయాక ఆవిడ ట్రంకుపెట్టె తీస్తే చీరల కింద వెంకటరత్నం గారి షాపు ముద్రతో నా మొదటి నవల ఉంది. షాపు ఎత్తేసేటప్పుడు కావాల్సినవాళ్ళు కావాల్సినవి పట్టుకెళ్ళండని ఆయన చెబితే, ఊరంతా ఎగబడి మోపులు మోపులు తెచ్చుకున్నారు. పిన్ని ఉత్త చేతులతో వచ్చిందనుకున్నాం. ఒక్కటి తెచ్చుకుందన్నమాట. చివరి పేజీ తీశాను. చెరిపిన చోట కాగితం పల్చబడి ఉంది. దాని మీద నా దొంగరాత, చాలా బాగుంది, అందరూ తప్పక చదవండి. ఆవిడ దాని మీద ఏమీ రాయలేదు, చెరపనూ లేదు. షాపు ఎత్తేసినప్పటి నుంచీ అలాగే ఉంచింది. నన్ను క్షమించలేదన్నమాట అనుకుని, ఆ పెట్టె ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. కోపంతోనే అన్నాళ్ళూ బాగుంది అన్న ఆ ఒక్క మాట నా మొహాన కొట్టిందనుకున్నాను. నిన్నటి దాకా అలాగే అనుకున్నాను.

లహరికి చివరి పేజీ సంగతులన్నీ చెప్పాను. పెన్సిలు, పురికొస, నూట పదో పేజీ, తాయారు గారి కర్పూరం వాసన. రబ్బరు సంగతి ఒక్కటీ చెప్పలేదు. అందుకే ఆ పిల్ల ముచ్చటపడి తన నవలకూ తెల్ల కాగితం పెట్టుకొచ్చింది. ఆ నవల ఎలా ఉందో నాకు మొదటి ముప్ఫై పేజీల్లోనే తెలిసిపోయింది. గోదారి అడుగున ఒక నగరం, రేవులో పడవ నడిపేవాడి కూతురు, ఆమెను ప్రేమించే శాపగ్రస్తుడు. భాష బాగుంది. వర్ణనలు బాగున్నాయి. కానీ పడవవాడూ, వాడి కూతురూ, శాపం పడ్డవాడూ, శాపం పెట్టినవాడూ అందరూ ఒకేలా మాట్లాడతారు. ఫోనులో నవలల్లో ఎలా మాట్లాడతారో అలా. రోజూ బ్యాంకు కౌంటరు అవతల వంద మంది ఆ పిల్లతో మాట్లాడతారు. వాళ్ళలో ఒక్కరి గొంతు కూడా ఆ నాలుగు వందల పేజీల్లోకి రాలేదు. రాయగలదు, ముందు వినడం నేర్చుకుంటే. నేను కొత్తగా వెతుక్కోవాల్సిన పని లేదు, మాటలు సిద్ధంగానే ఉన్నాయి.

ఈ మధ్యాహ్నం పేపరు తీసి, పెన్సిలు పట్టుకుని ఆ మాటలే రాశాను. పిన్ని నాకు రాసినవి, ఒక్క అక్షరం మార్చకుండా. రాసి చాలాసేపు చూశాను. రేపు లహరి వస్తుంది, చెప్పులు విప్పకుండానే ఈ పేజీ తెరుస్తుంది. నాకు ఆ షెల్ఫు వెనక ఒళ్ళు మండిన సాయంత్రం గుర్తొచ్చింది. ఆ ఒక్క సాయంత్రం నేను పిన్నిని ఎంత అసహ్యించుకున్నానో గుర్తొచ్చింది. లహరి కూడా నన్ను అలాగే చూస్తే, వచ్చే ఆదివారం ఈ గుమ్మం ఎక్కే మనిషి ఉండదు. నాకు ఇంకెవరున్నారు? ఉద్యోగం పోతే ఆ పిల్లకు ఏమవుతుందో తెలిసి కూడా, నేను ఆలోచించింది నా ఆదివారాల గురించి. పెన్సిలు వెనక చిన్న రబ్బరు ఉంది. కాగితం చిరగకుండా, నెమ్మదిగా చెరిపాను. చాలా బాగుంది అని రాశాను, ఈసారి నా రాతతోనే.

రాశాక అప్పుడు తెలిసింది. పిన్నికి నా మీద కోపం లేదు. కోపముంటే రాసేది. చెప్పినా వినే పిల్ల కాదని తెలుసుకుని, ఉన్న ఒక్క పిల్లనూ పోగొట్టుకోలేక, బాగుంది అంటూ నలభై ఏళ్ళు నాతో అన్నం తింది. ఆవిడ నన్ను క్షమించేసింది. నా మీద ఆశ మాత్రం వదులుకుంది.

ఇంతవరకూ శనివారం రాశాను, మిగతాది నాలుగు మాటలు. ఆదివారం లహరి వచ్చింది. అనుకున్నట్టే చెప్పులు విప్పకుండా పేజీ తెరిచింది. మొహం వెలిగింది. తర్వాత కాగితం మీద వేలితో తడిమి, ఇక్కడేదో చెరిపినట్టుందేంటి మామ్మా అంది. అక్షరం తప్పుపడిందని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని. ఎప్పుడూ ఇంత చెప్తారు, నాకు ఒక్క ముక్కేనా అంది.

“నిజంగా బాగుందా మామ్మా?”

“బాగుందన్నానుగా,” అన్నాను.

పుస్తకం మూసి పక్కన పెట్టింది. పనసపొట్టు కూర వేసుకుని తిని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. సోమవారం పదకొండింటికి ఫోనులో మెసేజి వచ్చింది, రాజీనామా ఉత్తరం ఇచ్చేశాను మామ్మా అని. రెండు సార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, చాలా బాగుంది అని జవాబు పెట్టాను.